ఏం కాలేదనుకో

రుచిత ఏం ఉద్యోగం చేస్తుందో సూరత్ శివారు వడోద్‌లో ఎవరికీ సరిగ్గా తెలియదు. చెప్పే బాధ్యత తల్లి కనకవ్వ తీసుకుంది. ఎవరడిగినా ఒకటే మాట చెప్పేది: "మా బిడ్డ కంప్యూటర్ల పరీక్షలు పెడ్తది."

ఆ మాట విని పక్కింటి ఎల్లవ్వ ఒక ఆదివారం పొద్దున్నే మనవరాలి పదో తరగతి హాల్ టికెట్ పట్టుకుని వచ్చింది. లెక్కలొక్కటి ఎట్లాగైనా గట్టెక్కించమంది. తాను పరీక్ష పెట్టేది పిల్లలకు కాదు, సాఫ్ట్‌వేర్‌కు అని రుచిత అరగంట చెప్పింది. ఎల్లవ్వ అంతా ఓపికగా విని, "సరే బిడ్డా, పెద్ద సార్లకన్న ఒక మాట చెప్పు" అని హాల్ టికెట్ జిరాక్సు ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

రుచితకు ఇరవై ఆరేళ్ళు. తండ్రి లస్మయ్య కోరుట్ల దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట సూరత్ వచ్చాడు. చాలాకాలం సాంచ మీద బట్ట నేశాడు. మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అంటారు. ఇప్పుడు భేస్తాన్‌లో ఒక షెడ్డులో చెడిపోయిన సాంచలు బాగుచేసే మిస్త్రీ. రుచిత ఇక్కడే పుట్టి పెరిగింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో గుజరాతీ మాట్లాడుతుంది. కోపమొస్తే మూడూ ఒకే వాక్యంలో వస్తాయి.

ఆమె ఆఫీసు వరాఛాలో, వజ్రాలు సానపట్టే ఒక కార్ఖానా పైన మూడో అంతస్తులో ఉంది. పద్నాలుగు మంది పనిచేస్తారు. మరమగ్గాల షెడ్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వాళ్ళ పని. ఒక్కో సాంచకు అగ్గిపెట్టంత పరికరం బిగిస్తారు. సాంచ నడుస్తుంటే షెడ్డు గోడ మీది తెరపై దాని నంబరు పచ్చగా, ఆగితే ఎర్రగా కనబడుతుంది. అదే తెర యజమాని ఫోన్‌లోనూ ఉంటుంది. కొత్త వర్షన్ తయారైన ప్రతిసారీ దాన్ని బయటికి పంపే ముందు అన్నీ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడటం రుచిత ఉద్యోగం. మొదటి రెండేళ్ళు చేత్తో బటన్లు నొక్కి చూసింది. తర్వాత ఆ నొక్కుడంతా తనంతట తానే చేసే పరీక్షల పని అప్పగించారు. మూడు వందల నలభై పరీక్షలు. అవన్నీ రాసింది ఒకే ఒక్క మనిషి, బ్రహ్మచారి.

బ్రహ్మచారికి నలభై రెండేళ్ళు. జగిత్యాల వైపు వడ్రంగం చేసే వడ్లవాళ్ళ కుటుంబం. పేరు తాతది. ఇంట్లో భార్య సంధ్యారాణి, ఇద్దరు ఆడపిల్లలు. ఉద్యోగంలో చేరిన రోజు ఆయన నింపిన ఫారం చూసి కంపెనీ యజమాని కౌశిక్‌భాయ్, పేరు దగ్గర 'బ్రహ్మచారి' అనీ, పెళ్ళయిందా అన్న చోట 'అయింది' అనీ ఉండేసరికి, తప్పు సరిదిద్దమని ఫారం వెనక్కి పంపాడు. బ్రహ్మచారి మర్నాడు పెళ్ళి ఫోటో తెచ్చి జతచేశాడు.

ఏడేళ్ళపాటు ఆయన ఒక్కడే ఆ పరీక్షలు రాశాడు. వాటికోసం హెల్పర్లు తయారుచేసుకున్నాడు. హెల్పర్ అంటే పెద్ద విషయమేమీ కాదు. వంటింట్లో "పోపు పెట్టు" అంటే చాలు కదా. నూనె పొయ్యి, ఆవాలు వెయ్యి, చిటపటమన్నాక కరివేపాకు వెయ్యి అని ప్రతిరోజూ చెప్పక్కర్లేదు. అట్లాగే పదే పదే వచ్చే పనులను ఒక మూటగా కట్టి, ఆ మూటకు ఒక పేరు పెడితే అది హెల్పర్. పేరు పిలిస్తే పని అయిపోతుంది.

బ్రహ్మచారితో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆయన పోపుకు ఒకటి కాకుండా, పప్పు పోపుకు ఒకటి, చారు పోపుకు ఒకటి, ఎండుమిర్చి తక్కువ వేసిన చారు పోపుకు ఇంకొకటి రాసేవాడు. ఉన్నదాన్ని సవరిస్తే ఎక్కడ చెడుతుందోనని భయం. మొదటి ఏడాది ఇంగ్లీషు పేర్లు పెట్టాడు. అవి అయిపోయాయి. అప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు మొదలుపెట్టాడు. నొక్కు, మళ్ల నొక్కు, గట్టిగ నొక్కు, నొక్కి ఆగు, ఆగి నొక్కు, నొక్కి ఆగి మళ్ల నొక్కు. ఆగడానికైతే ఆగు, జర ఆగు, ఇంక జర ఆగు, గింత ఆగు, మస్తు ఆగు. 'చాయ్ తాగి రా' అని ఒకటుండేది. అది పిలిస్తే కంప్యూటర్ నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చునేది.

మొత్తం రెండు వందల ఎనభై ఆరు. పరీక్షలన్నీ ఒకసారి నడవడానికి ఐదు గంటల నలభై నిమిషాలు పట్టేది. అందులో నాలుగున్నర గంటలు ఆగడమే. ఫలితం వచ్చేదాకా కూర్చుని, రుచిత ఇల్లు చేరేసరికి రోజూ తొమ్మిదయ్యేది.

ఆఫీసులో మిగతావాళ్ళందరూ గుజరాతీలు. ఆ పేర్లు వాళ్ళకు అర్థం కాలేదు, అడగడానికి మొహమాటపడ్డారు. కౌశిక్‌భాయ్ అవి సాంకేతిక పదాలనుకున్నాడు. ఒక వస్త్ర యంత్రాల ప్రదర్శనలో కస్టమర్ల ముందు నిలబడి, "మా పరీక్షలన్నీ జరాఆగు పద్ధతిలో నడుస్తాయి" అని గర్వంగా చెప్పాడు. ఇద్దరు రాసుకున్నారు కూడా.

గుట్టు బయటపెట్టింది హేతల్ అనే కొత్తగా చేరిన అమ్మాయి. మూడో రోజు ఆమె నేరుగా కౌశిక్‌భాయ్ గదికి వెళ్ళి, ఈ నొక్కు అనే ఆయన ఎవరు, ప్రతిచోటా ఆయన పేరే ఉంది, ఫోన్ నంబర్ ఇస్తే సందేహాలు అడుగుతాను అంది. కౌశిక్‌భాయ్ బ్రహ్మచారిని పిలిచాడు. బ్రహ్మచారి నేల చూపులు చూస్తూ నిజం చెప్పాడు.

వాళ్ళ మాటలు గుజరాతీలోవి. ఇక్కడ తెలుగులో చెప్పుకుందాం.

"జరాఆగు కూడానా?" అన్నాడు కౌశిక్‌భాయ్.

"అంటే కొంచెం ఆగమని, భాయ్."

కౌశిక్‌భాయ్ నిజంగానే కొంచెంసేపు ఆగాడు. తర్వాత రుచితను పిలిచాడు. "ఇదంతా నీ భాషేనట. చదివి, అర్థం చేసుకుని, తగ్గించు. హేతల్‌కు అర్థమయ్యేటట్టు ఉండాలి. బ్రహ్మాభాయ్, నువ్వు ఇకనుంచి కస్టమర్ల షెడ్లకు వెళ్ళే పని చూడు."

ఆ ఆదివారం రుచిత హెల్పర్ల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని వంటింటి గడప దగ్గర కూర్చుంది. కనకవ్వ పుంటికూర తెంపుతోంది. లస్మయ్య అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"అమ్మా, జర ఆగు అంటే ఎంతసేపు?"

"ఎవలన్నరు?" అంది కనకవ్వ.

"ఎవలన్న అనుకో."

"గట్లెట్ల చెప్పొస్తది. నేనంటే పాలు పొంగేదాక. మీ బాపు అంటే పొద్దు గూకేదాక."

"నేనెప్పుడన్న," అన్నాడు లస్మయ్య అద్దంలోంచి.

"మొన్న గ్యాసు బండ మార్చుమంటే జర ఆగు అన్నవ్. నేను ఎల్లవ్వ ఇంట్ల వండుకొచ్చిన."

"మరి గింత ఆగు?" అంది రుచిత.

"గది జర ఆగు కన్న తక్వ," అన్నాడు లస్మయ్య.

"ఎక్వ," అంది కనకవ్వ.

"గింత అంటేనే చిన్నగ గదనే."

"నువ్వు వేళ్ళు గింత జూపిచ్చి చేతులు గంత చాపుతవ్."

రుచిత కాగితం చూసింది. బ్రహ్మచారి లెక్కలో జర ఆగు మూడు సెకన్లు, గింత ఆగు ఎనిమిది. తల్లి గెలిచింది. ఆ ముక్క చెప్పగానే లస్మయ్య, ఆ రాసినాయన ఏ ఊరివాడని అడిగాడు. జగిత్యాల వైపు అనగానే, "గట్లనే ఉంటది" అని మళ్ళీ గడ్డానికి నురగ పూసుకున్నాడు.

"ఎంతసేపని ఆగుడేంది బిడ్డా," అంది కనకవ్వ. "పొంగినయా లేదా చూస్కుంట ఆగాలె గని."

రుచిత అప్పటికే అదే అనుకుంటోంది. సెకన్లు లెక్కపెడుతూ గుడ్డిగా ఆగడం కాకుండా, రావలసినది తెర మీద వచ్చిందా అని చూస్తూ ఆగాలి. రాగానే కదలాలి, ఎంతకీ రాకపోతే రాలేదని చెప్పాలి. ఇరవై తొమ్మిది ఆగుళ్ళ స్థానంలో అట్లాంటిది ఒక్కటి చాలు. లాగినై లోపలికి వెళ్ళడానికి పంతొమ్మిది హెల్పర్లున్నాయి. సేఠ్ లెక్క లోపలికి పో, మిస్త్రీ లెక్క లోపలికి పో, పాస్‌వర్డ్ మర్చిపోయిన సేఠ్ లెక్క లోపలికి పో. ఒక్క 'లోపలికి పో' ఉంచి, ఎవరిలాగా వెళ్ళాలో పిలిచేటప్పుడే చెబితే సరిపోతుంది. అసలు ఎవరూ పిలవనివి డెబ్బై ఉన్నాయి.

సోమవారం నుంచి తీసేయడం మొదలుపెట్టింది. అక్కడొక ఇబ్బంది ఎదురైంది. ఎవరైనా కోడ్‌లో ఒక వరుసను తీసేస్తే, దాన్ని మొదట రాసినవాడికి కంపెనీ కంప్యూటర్ ఉత్తరం పంపుతుంది. బ్రహ్మచారి కుర్చీ మూడు కుర్చీల అవతల ఉంది. రుచిత ఒకటి తీసినప్పుడల్లా ఆయన ఫోన్ టింగుమనేది. ఆయన తెర చూసి, కళ్ళద్దాలు తీసి, తుడిచి పెట్టుకునేవాడు. కాసేపటికి లేచి వచ్చేవాడు.

"చాయ్ తాగి రా తీసినవా చెల్లె?"

"తీసిన చారన్నా."

"అది పాత సర్వర్ ఉన్నప్పటిది. గా సర్వర్ పాపం, ముసలి మనిషసొంటిది. తొందరపెడితే పడిపోయేది."

"సర్వర్ మారి మూడేండ్లాయె గదన్నా."

"నాకు తెల్వదా. యాదికి ఉంటదని."

గురువారం ఆయన డబ్బా నిండా గారెలు తెచ్చాడు. సంధ్యారాణి పంపిందన్నాడు. రుచిత మూడోది తింటుండగా, 'నొక్కి ఆగి మళ్ల నొక్కు' ఒక్కదాన్ని ఉంచమని మెల్లిగా అడిగాడు. ఆమె నాలుగోది కూడా తిని, చేతులు కడుక్కుని వచ్చి, దాన్ని తీసేసింది. ఫోన్ టింగుమంది. ఆయన ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

మూడో వారంలో ఆమెకు 'ఏం కాలేదనుకో' కనిపించింది.

లోపల నాలుగే వరుసలు. చూడ్డానికి చాలా అమాయకంగా ఉంది. పరీక్షలోని ఏ పనినైనా దాని చేతిలో పెడితే చేయిస్తుంది. పని అయితే సరే. కాకపోతే ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మింగేసి, పరీక్ష పాసైందని రాస్తుంది. రుచిత రెండుసార్లు చదివింది. ఎన్ని పరీక్షలు దాన్ని పిలుస్తున్నాయో వెతికితే తొంభై ఎనిమిది తేలాయి. హెల్పర్‌ను తీసేసి ఆ తొంభై ఎనిమిదింటినీ నడిపింది.

పరీక్షలు నడిచాయి. అరవై ఒకటి ఎర్రబడ్డాయి.

కౌశిక్‌భాయ్ ఆ ఎరుపు తన గది అద్దంలోంచే చూసి బయటికి వచ్చాడు. "నిన్నటిదాకా అన్నీ పచ్చగా ఉన్నాయి. నిన్ను తగ్గించమన్నది హెల్పర్లను, పాసైన పరీక్షలను కాదు."

"ఇవి పాసవలేదు భాయ్. పాసయ్యాయని మనం చెప్పుకున్నాం."

"మనం అంటే ఎవరు?"

రుచిత బ్రహ్మచారి కుర్చీ వైపు చూసింది. ఖాళీగా ఉంది. ఫోన్ టింగుమన్న వెంటనే ఆయన కిందికి చాయ్‌కి వెళ్ళిపోయాడు.

"సోమవారం కొత్త వర్షన్ పంపుతానని సగం మంది కస్టమర్లకు మాటిచ్చాను," అన్నాడు కౌశిక్‌భాయ్. "అది ఎక్కడినుంచి తీశావో అక్కడే పెట్టు. మిగతాది తర్వాత చూద్దాం."

ఆమె పెట్టేసింది. అన్నీ మళ్ళీ పచ్చబడ్డాయి. ఆ సంతోషంలో కౌశిక్‌భాయ్ అందరికీ వేడివేడి లోచో తెప్పించాడు. అందరూ తిన్నారు. ఊరంతటికీ ఇష్టమైన ఆ శనగపప్పు పలహారాన్ని రుచిత ఆ రోజు ముట్టలేదు. ప్లేటు పట్టుకుని కిందికి వెళ్ళి, చాయ్ బండి దగ్గర నిలబడ్డ బ్రహ్మచారి చేతిలో పెట్టింది.

"అది ఎందుకు రాసినవన్నా?"

బ్రహ్మచారి లోచో వైపు చూస్తూ చెప్పాడు. "ఆరేండ్ల కిందటి ముచ్చట. సంధ్యారాణిని దవాఖానకు తీస్కవోయిండ్రు. ఫోన్ల మీద ఫోన్లు. గీడ ఒక్క టెస్టు ఎర్రగైతాంది. అది పచ్చగైతేనే వర్షన్ పోతది. వర్షన్ పోతేనే నేను పోవుడు. గప్పుడు రాసిన. వచ్చినంక తీసేద్దామనుకున్న."

"వచ్చినంక?"

"చిన్నది పుట్టింది. ఇరవై ఒకటో దినం చేసుడు, పేరు పెట్టుడు, గా గడబిడల మర్చిపోయిన. యాదికొచ్చేటాలకు ఇంకో పది టెస్టులు దాన్నే వాడుతున్నయ్."

"ఎవలు వాడిండ్రు?"

"ఎవలుంటరు. నేనే."

రుచితకు నవ్వు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ చిన్నదాని పేరు నీరజ, ఇప్పుడు ఒకటో తరగతి చదువుతోంది. ఆ హెల్పర్ కూడా అంతే పెద్దదయింది.

ఆ సాయంత్రం ఆమె అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే లస్మయ్య ఏమైందని అడిగాడు. ఆమె మొత్తం చెప్పింది. తండ్రికి కంప్యూటర్ తెలియదు, కానీ తప్పు మింగేసి పాసని రాయడం అనేసరికి తిండి ఆపాడు.

"దారం తెగితే సాంచ టక్కున ఆగాలె. గట్ల ఆగేటందుకే దానికి వేరే సామాను ఉంటది. తెగినా నడిచేటట్టు ఎవడన్న బిగిస్తే వాన్ని షెడ్డు బయటికి గుంజుతం." మళ్ళీ ముద్ద కలుపుతూ అన్నాడు, "మా షెడ్డుల టీవీ గూడ గసొంటిదే. పచ్చ బత్తులు, ఎర్ర బత్తులు. అంత ఉత్తదే."

"ఏం టీవీ బాపూ?"

"గోడకు పెట్టిండ్రు. సాంచల నంబర్లు వస్తయ్."

"అది మాదే."

"మీదా?" లస్మయ్య ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "గట్లయితే నేనేమనలే."

నాలుగేళ్ళుగా కూతురు ఏం పరీక్ష పెడుతోందో ఆయనకు అప్పుడు తెలిసింది. రుచిత బతిమాలితే మిగతాది చెప్పాడు. వాళ్ళ షెడ్డులో నలభై ఒకటో నంబరు సాంచ గేరు విరిగిపోయి, ఎనిమిది నెలల కింద తుక్కుకు వెళ్ళింది. మేనేజర్ అమ్మేశాడు. సేఠ్‌కు మూడు షెడ్లున్నాయి, ఈ షెడ్డుకు రాడు, ఫోన్‌లోనే చూస్తాడు. ఆయన ఫోన్‌లో నలభై ఒకటి ఇప్పటికీ నడుస్తోంది.

"నడుసుడంటే మామూలు నడుసుడు గాదు. నూటికి తొంభై నాలుగు. షెడ్డుల అదే ఫస్టు. సేఠ్ ఫోన్ చేసి, నలభై ఒకటిని చూసి నేర్చుకోండ్రా అని తిడ్తడు."

"చెప్పాలె గద బాపూ."

"చెప్తే టీవీది తప్పంటడా? మాదే తప్పంటడు."

కనకవ్వ చారు పోస్తూ, "ఉన్నయిటి కన్న లేనిదే నయముండె," అంది.

మర్నాడు శనివారం. రుచిత బ్రహ్మచారిని భేస్తాన్ తీసుకెళ్ళింది. కస్టమర్ల షెడ్లు తిరగడం ఇప్పుడాయన పనే కాబట్టి ఎవరూ అడ్డుచెప్పలేదు. షెడ్డులోకి అడుగు పెట్టగానే అరవై సాంచల మోతకు చెవులు దిమ్మెక్కాయి. లస్మయ్య ఎదురొచ్చి, చేత్తోనే రమ్మని సైగ చేసి ముందు నడిచాడు. ముప్పై తొమ్మిది, నలభై, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నీళ్ళ డ్రమ్ము, బాబిన్ల సంచులు, తీగ మీద ఎవరిదో ఆరేసిన చొక్కా. ఆ పక్కన నలభై రెండు.

గోడ మీద తెరలో నలభై ఒకటి పచ్చగా వెలుగుతోంది. తొంభై నాలుగు శాతం.

బ్రహ్మచారి ముప్పై ఎనిమిది నుంచి వేలితో లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక అటు చివరినుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. రెండుసార్లూ కుర్చీల దగ్గరే తేలాడు. నలభై రెండు మీద నేస్తున్న గణపతి అనే ఆయన వీళ్ళను చూసి, రుచిత చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "ఆ కుర్చీల కూసోకుండ్రి. పనిల ఉన్నయ్."

బ్రహ్మచారి ఒక కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, తెర వైపు చూస్తూ ఏదో అన్నాడు. మోతలో ఒక్క ముక్క వినబడలేదు.

"ఏందన్నా?" అని అరిచింది రుచిత.

ఆయన మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినబడలేదు. చెయ్యి ఊపి, ఏం లేదన్నట్టు తలాడించాడు. గేటు బయటికొచ్చాక ఆమె అడిగింది.

"లోపల ఏమన్నవన్నా?"

"చాయ్ తాగుదామా అన్న," అన్నాడు బ్రహ్మచారి. ఆ ముఖం చాయ్ అడిగిన ముఖంలా లేదు.

చాయ్ బల్ల మీదే ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడు. అరవై ఒకటిలో ఒకదాన్ని వెతికి ఆమె వైపు తిప్పాడు. సాంచ ఆగి తెర ఎర్రగైనప్పుడు షెడ్డువాళ్ళు 'చూశాం' అనే బటన్ నొక్కుతారు. ఎవరైనా తొందరలో దాన్ని రెండుసార్లు నొక్కితే ఏమవుతుందో చూసే పరీక్ష అది. ఏమవుతుందంటే, ఆ సాంచ మళ్ళీ పచ్చబడి, పాత అంకెల దగ్గరే శాశ్వతంగా నిలబడిపోతుంది. పరికరం పీకేసినా దానికి పట్టదు.

"గీ టెస్టు నేనే రాసిన," అన్నాడు. "మంచిగనే రాసిన చెల్లె. ఎన్ని దినాలకెల్లి మొత్తుకుంటాందో. దాని నోరు నేనే మూసిన."

రుచిత ఇంకో రెండు చాయ్ చెప్పింది.

"నేనే తీసేస్త," అన్నాడు. "నువ్వు తీస్తే నా ఫోన్ మోగుతది."

అక్కడే కూర్చుని, తొంభై ఎనిమిది చోట్ల నుంచి 'ఏం కాలేదనుకో'ను ఒక్కొక్కటిగా విప్పాడు. చివర ఆ నాలుగు వరుసలూ తీసేశాడు. చాయ్ బండి ఆయన మధ్యలో రెండుసార్లు బల్ల ఖాళీ చేయమన్నాడు. బ్రహ్మచారి ఆయనతో "జర ఆగు" అన్నాడు. ఆ ఆగడం గంటన్నర సాగింది.

సోమవారం పొద్దున ఇద్దరూ కౌశిక్‌భాయ్ గదికి వెళ్ళారు. బ్రహ్మచారి ముందు నిలబడి, కుర్చీల ఫోటో, తెర ఫోటో పక్కపక్కన పెట్టాడు. కౌశిక్‌భాయ్ మరమగ్గాల ఇంట్లో పుట్టినవాడే. ఫోటో చూడగానే అడిగాడు.

"ఈ సాంచ ఎక్కడ?"

"తుక్కులో, భాయ్. ఎనిమిది నెలలైంది."

"మన తెర మీద?"

"తొంభై నాలుగు శాతం."

కౌశిక్‌భాయ్ గ్లాసు నీళ్ళు తాగాడు. "సేఠ్‌కు తెలుసా?"

"తెలియదు. ఆయనకు అదే అన్నిటికన్నా మంచి సాంచ."

ఇంకో గ్లాసు తాగాడు. తర్వాత తలుపేసుకుని సేఠ్‌కు తానే ఫోన్ చేశాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. బయటికొచ్చి, కొత్త వర్షన్ రెండు వారాలు వాయిదా అని మాత్రం చెప్పాడు. ఆ మధ్యాహ్నమే సేఠ్ షెడ్డుకు వచ్చి, కుర్చీల ముందు చాలాసేపు నిలబడ్డాడని లస్మయ్య చెప్పాడు. తప్పు తెర మీదే అని కౌశిక్‌భాయ్ ఒప్పుకున్నాడు కాబట్టి నేతగాళ్ళను తిట్టడానికి వీల్లేదు. మేనేజర్‌ను పిలిచి, ఆ చొక్కా ఎవరిదని తిట్టాడు. చొక్కా మేనేజర్‌దే.

అరవై ఒక్క పరీక్షలనూ రుచిత, బ్రహ్మచారి, హేతల్ పంచుకుని చూశారు. ముప్పై తొమ్మిదింటిలో సాఫ్ట్‌వేర్ తప్పు లేదు. బటన్ల పేర్లు ఎప్పుడో మారిపోతే పరీక్షలు ఇంకా పాత పేర్లతోనే వెతుకుతున్నాయి. పదహారు పరీక్షలు అసలు ఇప్పుడు లేనే లేని తెరలను పరీక్షిస్తున్నాయి. మిగిలిన ఆరూ నిజమైన తప్పులు. వాటిని ప్రోగ్రామర్లు రెండు వారాల్లో సరిచేశారు. రుచిత చేతిలో హెల్పర్లు చివరికి ముప్పై ఒకటికి దిగాయి. పేర్లన్నీ సాదా ఇంగ్లీషులోకి మారాయి, ఒక్కటి తప్ప. ఆగు అనే మాట తాను కష్టపడి నేర్చుకున్నానని, దాన్ని తీయనివ్వనని హేతల్ పట్టుబట్టింది.

బ్రహ్మచారి ఇప్పటికీ అప్పుడప్పుడు కొత్త హెల్పర్ రాసుకుని వస్తాడు. ఉన్నదానికే పిలిచేటప్పుడు ఒక మాట ఎక్కువ చెబితే సరిపోదా అని రుచిత అడుగుతుంది. ఆయన అరగంట ముఖం ముడుచుకుని కూర్చుంటాడు. తర్వాత సరిపోతుందని ఒప్పుకుంటాడు. మొన్నామధ్య ఆయన తన పాతది ఒకటి తానే తీసేసి, ఆ సంగతి చెప్పడానికి ఆమె కుర్చీ దాకా నడిచి వచ్చాడు.

పరీక్షలు నలభై ఎనిమిది నిమిషాల్లో ముగిసిన మొదటి రోజు, రుచితకు ఆఫీసులో ఆగడానికి కారణం కనబడలేదు. బస్సెక్కి ఇంటికొచ్చింది. గుమ్మంలో ఆమెను చూసి కనకవ్వ గడియారం చూసింది. ఆరున్నర.

"గింత జల్ది వచ్చినవేంది?" అంది. గొంతు తగ్గించి, "తీసేసిండ్రా?" అంది.

"నేనే తీసేసిన అమ్మా. రెండొందల యాభై ఐదు."

"గందర్నా," అని కనకవ్వ అక్కడే పీట మీద కూలబడింది.

రుచిత బూట్లు విప్పి, ముఖం కడుక్కుని వచ్చేలోపు ఆమె ఎల్లవ్వ ఇంటికి వెళ్ళి వచ్చింది. ఏడు గంటలకల్లా గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. ఎల్లవ్వ వచ్చి రుచిత పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆఫీసులంటే గంతే బిడ్డా, వేరేది దొరుకుతది అంది. తీసింది మనుషులను కాదని రుచిత రెండుసార్లు చెప్పబోయింది. వంటింట్లోంచి వేరుశెనగపప్పు, ఎల్లిపాయ కలిసిన సర్వపిండి వాసన వస్తోంది. బిడ్డకు ఇష్టమని కనకవ్వ నూనె ధారాళంగా పోసి కాలుస్తోంది. మామూలు రోజుల్లో అడిగినా చేయదు. రుచిత చెప్పే ప్రయత్నం మానేసి పళ్ళెం ముందుకు జరుపుకుంది.

లస్మయ్య గల్లీలోనే సంగతంతా విని, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు. కూతురు తృప్తిగా తింటుండటం చూసి ఆగిపోయాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి అడిగాడు.

"అవునే, మీ ఆఫీసుల ఉన్నదే పద్నాలుగు మంది గద?"

"తిననియ్యి దాన్ని," అంది కనకవ్వ, రెండోది పళ్ళెంలో వేస్తూ.